సుల్తాన్‌హాన్, టర్కీ: లారీలవాళ్ళ ఇంటి నుంచి ఒక రివ్యూ

కప్పడోకియా నుంచి కోన్యా వెళ్ళే టూర్ బస్సులు చాలావరకు సుల్తాన్‌హాన్ దగ్గర ఆగుతాయి. దిగినవాళ్ళు పెద్ద గుమ్మం ముందు ఫొటో దిగుతారు, లోపల ఒక చుట్టు తిరుగుతారు, టీ తాగుతారు, మళ్ళీ బస్సెక్కేస్తారు. మా ప్యాకేజీ కాగితంలో కూడా దీన్ని దారిలో ఫొటో స్టాప్ అనే రాశారు. మాకు అరగంట ఇచ్చారు. దాదాపు ఎనిమిది వందల ఏళ్ళ నాటి సత్రం ఇది, ఒకప్పుడు ఇక్కడ ఏలిన సెల్జుక్ అనే తుర్కు రాజవంశం కట్టించిన సత్రాల్లో టర్కీలో అన్నిటికంటే పెద్దది. దానికి అరగంటా! నాన్న బస్సులో కూర్చుని కోన్యా వచ్చేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నారు. మర్నాడు మిగతావాళ్ళు బజారుకి వెళ్తే నాన్న, నేను, మా ఆయన కారు మాట్లాడుకుని వెనక్కి వచ్చాం. ఈసారి తొందరపెట్టేవాళ్ళు ఎవరూ లేరు, తృప్తిగా చూశాం. నేను చెప్పేది ఆ రెండోసారి చూసిన సంగతే.

మాది విజయవాడ. నాన్న మొదట లారీ డ్రైవర్, తర్వాత ఓనర్. ఆటోనగర్‌లో మాకు చిన్న ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు ఉంది, లెక్కలు ఇప్పుడు నేను చూస్తాను. బండి ఎక్కడిదాకా వచ్చింది, రాత్రికి ఎక్కడ ఆపుతున్నాడు, అక్కడ డీజిల్ దొంగల భయం ఉందా, లోడు మీద పట్టా గట్టిగా కట్టాడా, క్లీనర్‌కి జ్వరం తగ్గిందా: మా ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర నడిచే మాటలు ఇవే. అందుకే ఈ కట్టడాన్ని మేం గుమ్మం మీది చెక్కడాల కోసం చూసినదానికంటే, దారిన పోయే మనిషికీ పశువుకీ సరుకుకీ ఇందులో ఎక్కడ ఏ ఏర్పాటు చేశారన్న కుతూహలంతో ఎక్కువ చూశాం. అలా చూస్తేనే ఇది అర్థమవుతుందని నా గట్టి నమ్మకం.

ఊరి పేరు కూడా సుల్తాన్‌హానే. అక్సరాయ్ పట్నానికి పడమరగా 40 కిలోమీటర్ల పైన, కోన్యా నుంచి 100 పైచిలుకు. చుట్టూ కంటికి ఆనినంత మేర చదును నేల. కొండ అడ్డం లేదు, చెట్లు తక్కువ, గాలి మాత్రం ఆగదు. వేసవిలో ఎండ మాడుస్తుంది, చలికాలంలో మంచు కురుస్తుంది. ఇలాంటి నేల మీద సరుకు వేసుకుని నడిచేవాడికి దూరం నుంచి ఈ రాతి గోడ కనబడితే ఎలా ఉండి ఉంటుందో కారులోంచే ఊహించుకోవచ్చు. ఇప్పుడు చుట్టూ ఇళ్ళు, కొట్లు వచ్చేశాయి గానీ, గోడ ఎత్తు వల్ల ఇంకా ఊరంతటికీ అదే పెద్ద.

దీన్ని కట్టించింది సెల్జుక్ సుల్తాన్ అలావుద్దీన్ కైకుబాద్, 1229లో. ఆయన ఏలింది 1220 నుంచి 1237 వరకు, రాజధాని కోన్యా. గుమ్మం మీది శాసనంలో సంవత్సరం ఉంది. కట్టిన మేస్త్రీ పేరు కూడా రాతి మీద ఉంది: ముహమ్మద్ బిన్ హవ్లాన్, డమాస్కస్ వాడు. రాజు పేరు రాతి మీద ఎలాగూ ఉంటుంది. కట్టినవాడి పేరు ఉండటం నాకు ఎక్కువ నచ్చింది.

ముందు గోడ దాదాపు 50 మీటర్ల వెడల్పు. దాని మధ్యలోంచి గుమ్మం ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది, ఎత్తు 13 మీటర్లు. నాలుగంతస్తుల ఇల్లంత అనుకోండి. పాలరాయి పరిచిన గుమ్మం ఇది. పై భాగంలో చిన్న చిన్న గూళ్ళను వరుస మీద వరుసగా ముందుకు పేర్చుకుంటూ వచ్చారు, పైకి పోయేకొద్దీ వరుసలు సన్నబడి ఒక కొసకు చేరతాయి. ముకర్నాస్ అంటారు ఈ పనితనాన్ని. చుట్టూ పట్టీల్లో గీతలు ఒకదాని కింద నుంచి ఒకటి దూరి, నక్షత్రాలయ్యి, మళ్ళీ గీతలైపోతాయి. ఒక గీతను పట్టుకుని అది ఎక్కడ తేలుతుందో కళ్ళతో వెతకండి. మా ఆయన వెతుకుతూ మెడ నొప్పి పుట్టేదాకా నిలబడ్డారు. బొమ్మలు, మనుషులు, జంతువులు ఏమీ కనిపించవు. అంతా లెక్కే, కొలతే.

ఒక మాట గమనించండి. ఇంత పనితనం గుమ్మం దగ్గరే. అక్కడి నుంచి గోడ వెంట బయట నడిస్తే ఒట్టి రాయి. కిటికీలు లేవు. అక్కడక్కడా బురుజుల్లా గోడకి ఆనించి దిమ్మెలు కట్టారు, అవి గోడకి బలం. మొత్తం కోటలాగే ఉంటుంది. నేను కిటికీలు లేవేమిటని అన్నాను. నాన్న నా వైపు చూసి, "లోపల ఊరిమీది సరుకంతా ఉంటే కిటికీలెవడు పెడతాడమ్మాయ్" అన్నారు. లోపలికి దారి కూడా ఈ ఒక్క గుమ్మమే. రాత్రి తలుపు మూశారంటే లోపలిది లోపల, బయటిది బయట. తర్వాతి ఒట్టోమాన్ కాలపు సత్రాల గురించి 17వ శతాబ్దపు యాత్రికుడొకరు ఒక అలవాటు రాశాడు. తెల్లవారాక కూడా వెంటనే తలుపు తెరిచేవారు కాదట. కాపలావాడు లోపలివాళ్ళందరినీ మీ సొమ్ము, మీ గుర్రం, మీ ప్రాణం అన్నీ సరిగా ఉన్నాయా అని అడిగి, అందరూ సరిగా ఉన్నాయన్నాకే తెరిచేవాడట. నేనిది చెబితే నాన్న నిలువునా ఆగిపోయారు. ఒకసారి రాత్రి రోడ్డు పక్కన ఆపిన బండిలోంచి సరుకు పోయి, తెల్లారి చూసుకుని, ఎవరిని అడగాలో తెలియక నిలబడ్డ మనిషి ఆయన.

గుమ్మం దాటితే ఆవరణ. 44 మీటర్లు, 58 మీటర్లు. పైన ఆకాశమే కప్పు. ఇది వేసవి బస. ఒకపక్క పొడుగునా కమానుల వసారా, మూడువైపులా మూసి ముందు తెరిచి ఉంటుంది. దాని లోతు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది, బయటి ఎండ లోపలి గోడ దాకా అందదు. ఎదురుపక్క గదులు: పడుకునేవి, వంటవి, సామాన్లవి, స్నానాలవి. పొద్దంతా దుమ్ములో నడిచి వచ్చినవాడికి వేడినీళ్ళ స్నానం దొరికేదన్నమాట. హైవే పక్కన గొట్టం నీళ్ళతో ఒంటికి సబ్బు రాసుకునే మన డ్రైవర్లు ఇది వింటే ఏమంటారో నాకు తెలుసు.

ఆవరణ నడిమధ్యన చిన్న చదరపు మసీదు ఉంది. నేల మీద కాదు, నాలుగు కమానుల మీద ఎత్తుగా, మేడ మీద గదిలా. కింద నాలుగు వైపులా ఖాళీ. టర్కీలో ఈ తరహా సత్రపు మసీదుల్లో ఇదే అన్నిటికన్నా పాతదంటారు. ఎత్తుగా ఎందుకు కట్టారో ఎవరూ చెప్పకపోయినా నాన్నకు తట్టింది: కింద ఒంటెలు, గుర్రాలు, పేడ, దుమ్ము. ప్రార్థన చేసే చోటు వాటికి అందకుండా ఉండాలి, అలాగని దూరంగా ఉంటే సరుకు వదిలి వెళ్ళడానికి మనిషికి మనసొప్పదు. ఆవరణ మధ్యలో, కళ్ళ ముందు సరుకు ఉండగానే నాలుగు మెట్లెక్కి నమాజు చేసుకుని దిగిపోవచ్చు. ఈ కమానుల మీద చెక్కడం గుమ్మం అంత గొప్పది, ఎత్తు తక్కువ కాబట్టి దగ్గరగా చూసుకోవచ్చు. మెట్లు మాత్రం రాతివి, ఇరుకు, నిటారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింద నుంచే చూడటం మంచిది. నాన్నను ఎక్కనివ్వలేదు, ఆ కోపం సాయంత్రం దాకా ఉంది.

ఆవరణ అవతలి చివర ఇంకో గుమ్మం ఉంటుంది. ఇది కూడా చెక్కినదే, మొదటిదానికి తమ్ముడు. దాని వెనక ఉన్నదే శీతాకాలపు బస. బస్సుల్లో వచ్చినవాళ్ళు ఇక్కడికి వచ్చి తలుపులోంచి తొంగిచూసి, చీకటిగా ఉందని వెనక్కి పోతున్నారు. దయచేసి అలా పోకండి. ఈ కట్టడంలో అసలు గొప్పతనం ఇదే. లోపలికి వెళ్ళి, కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఒక పక్కన నిలబడండి.

మెల్లగా స్తంభాలు తేలతాయి. లావుపాటి రాతి స్తంభాలు, వరుసలు వరుసలుగా. మధ్య దారి అన్నిటికంటే ఎత్తు, దాని మీద సొరంగంలా రాతి కప్పు, ఆ కప్పుకి అడ్డంగా దూరం దూరంగా రాతి కమానులు. రెండు పక్కలా పక్కదారులు చీకట్లోకి పోతాయి. చెక్కడం లేదు, రంగు లేదు. ఒక్క రాయి, దాని బరువు. మధ్యదారి నట్టనడుమ పైకి చూస్తే చిన్న గుమ్మటం, దానిలో తెరిచిన భాగం. వెలుగు అక్కడి నుంచే వస్తుంది, గోడల్లో సన్నటి చీలికల్లాంటి సందుల్లోంచి ఇంకొంచెం. మేం వెళ్ళింది మిట్టమధ్యాహ్నం, బయట ఎండ చురుక్కుమంటోంది, లోపల స్వెట్టర్ కావాల్సి వచ్చింది. వెలుగు మాత్రం నేల మీద ఒక్కచోటే పడింది. చుట్టూ చీకటి, అక్కడ ఒక మరక.

చలికాలం మనుషులూ పశువులూ అంతా ఈ ఒక్క కప్పు కిందే. ఒంటెలు, గుర్రాలు, కంచరగాడిదలు పక్కదారుల్లో, మనుషులు ఎత్తు అరుగుల మీద, సరుకు పక్కన. పశువుల ఒంటి వేడే మనుషులకు కాపు. ఆ వేడి, ఆ ఆవిరి, పొగ, వాసన పైకి పోవాలంటే గుమ్మటంలో ఆ కంత ఉండాలి. నాన్న దాని కింద నిలబడి చాలాసేపు పైకే చూశారు. తర్వాత స్తంభాల మధ్య దూరం అడుగులతో కొలిచారు, అటూ ఇటూ. "ఒంటెను లోడుతో లోపలికి తేలేరమ్మాయ్, బయట దించి ఒట్టి ఒంటెనే తెచ్చుంటారు. సరుకు మనుషులు మోసుండాలి. హమాలీలు ఉండుండాలి" అన్నారు. అది ఆయన ఊహే. కానీ లోపలి తలుపు వెడల్పు, బయటి ఆవరణ విశాలం చూస్తే నాకూ అదే నిజమనిపించింది. ఆయన దాన్ని ఇప్పటికీ నడుస్తున్న యార్డులా చూశారు: బండి ఎక్కడ తిప్పాలి, ఎక్కడ దించాలి, ఎవరు ముందు బయటికి వెళ్ళాలి. ఇలాంటి ప్రశ్నలు వేసుకుంటూ నడిస్తే ఆ హాలు నిండిపోతుంది.

ఇక రాళ్ళు. గోడల దగ్గరికి వెళ్ళి రాయి రాయీ చూడండి. కొన్నిటి మీద చిన్న గుర్తులుంటాయి: ఒక బాణం లాంటిది, ఒక త్రికోణం, రెండు గీతలు. అవి రాళ్ళు చెక్కినవాళ్ళ గుర్తులు. ఎవరు ఎన్ని రాళ్ళు చెక్కారో లెక్క తెలిసి కూలి ఇవ్వడానికి అలా పెట్టేవారని చెబుతారు. ట్రిప్పు షీటు మీద మా డ్రైవర్లు చేసే సంతకాల్లా అనిపించాయి నాకు. కొందరికి అక్షరం రాదు, కానీ ఆ గీత వాళ్ళదేనని లెక్కలు రాసేవాళ్ళకు తెలుస్తుంది. పేర్లు తెలియని ఆ కూలీల గుర్తులు వెతుక్కుంటూ ఒక గోడ మొత్తం తిరిగాను. ఈ కట్టడంలో నేను ఎక్కువ ప్రేమతో చూసింది అదే.

ఇప్పుడు డబ్బు సంగతి. నాన్న మొదటి నుంచీ అడుగుతున్న ప్రశ్న అదే: రాత్రికి కిరాయి ఎంత? జవాబు విన్నాక నమ్మలేదు. మూడు రోజుల దాకా ఏమీ లేదు. బస ఉచితం, తిండి ఉచితం. మరి ఖర్చు ఎవరిది? వక్ఫ్ పద్ధతిది. సత్రం కట్టించినవాళ్ళు దానితో పాటు పొలాలో, ఊళ్ళో, కొట్లో రాసి ఇస్తారు. వాటి మీద వచ్చే రాబడితో సత్రం ఎప్పటికీ నడవాలి. మన దగ్గర సత్రాలకు మాన్యాలు రాసినట్టే.

సుల్తాన్‌హాన్‌కి తూర్పుగా, కైసెరి దాటాక కరతాయ్ హాన్ అని ఇంకో సత్రం ఉంది. సెల్జుక్ మంత్రి జలాలుద్దీన్ కరతాయ్‌ది. దాని వక్ఫ్ పత్రం, 1247 నాటిది, ఇప్పటికీ ఉంది. అందులో రాసిన ఏర్పాట్లు తెలిసినప్పటి నుంచి నా మనసులోంచి పోవడం లేదు. వచ్చినవాడు ముస్లిం అయినా కాకపోయినా, ఆడైనా మగైనా, స్వతంత్రుడైనా బానిస అయినా అందరికీ ఒకే తిండి. రొట్టె, వండిన మాంసం. శుక్రవారం తేనెతో చేసిన హల్వా. చెప్పుల్లేని పేదవాడికి చెప్పులు. జబ్బు పడితే వైద్యం. గుర్రాలకు గడ్డి, లాడాలు. ఇవి మంచి మాటలుగా చెప్పి వదిలేసినవి కావు, సత్రం నడిపేవాళ్ళు తప్పక చేయాల్సిన పనులుగా రాసి పెట్టినవి. మా ఆఫీసులో ఒక డ్రైవర్‌కి దారిలో ఒంట్లో బాగోలేకపోతే ఎవరు ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, ఖర్చు ఎవరు పెట్టాలి అన్నదాని మీద ఇవ్వాళ్టికీ తర్జనభర్జనే. 1247లో దాన్ని కాగితం మీద పెట్టారు.

ఇంత ఖర్చు సుల్తాన్‌లు ఊరికే పెట్టలేదు, ఆ లెక్క కూడా చెప్పుకోవాలి. సెల్జుక్‌లు 1207లో మధ్యధరా తీరాన అంతాల్యా రేవును, 1214లో నల్లసముద్రం మీది సినోప్‌ను పట్టుకున్నారు. 1221లో కైకుబాద్ అలాన్యాను గెలిచాడు. ఉత్తరాన ఒక సముద్రం, దక్షిణాన ఒకటి, తూర్పున పర్షియా దారి. మధ్యలో ఈ ఎత్తు నేల. 1220లోనే వెనీస్ వర్తకులతో ఒప్పందం రాసుకున్నారు. సరుకు నడిస్తే సుంకం వస్తుంది, దారి భద్రంగా ఉంటేనే సరుకు నడుస్తుంది. అందుకని ఒంటె ఒక్క రోజులో నడవగల దూరం, 30 నుంచి 40 కిలోమీటర్లు, లెక్క వేసుకుని సత్రాలు కట్టారు. వందకు పైగా కట్టారు. కోన్యా నుంచి బయల్దేరితే జాజాదిన్ హాన్, ఒబ్రుక్ హాన్, తర్వాత ఇది. దారిలో దోపిడీ జరిగితే వర్తకుడికి ఖజానా నుంచే నష్టం కట్టిచ్చిన సందర్భాలు కూడా సెల్జుక్ చరిత్రలో ఉన్నాయి. పన్ను తీసుకునేవాడు దారికి పూచీ పడాలి అన్న సంగతి వాళ్ళకు స్పష్టంగా తెలుసు. టోల్‌గేటు రసీదులు నెలకొక కట్ట ఫైలు చేసే నాకు ఆ మాట నేరుగా తగిలింది.

తర్వాతి కథ అంత సుఖమైంది కాదు. 1243లో కోసెదాగ్ దగ్గర మంగోలులు సెల్జుక్ సైన్యాన్ని ఓడించారు. అక్కడి నుంచి సుల్తాన్‌లు కప్పం కట్టే సామంతులైపోయారు. ఈ సత్రం కూడా మంటల్లో చిక్కుకుని కొంత పాడైంది. 1278లో, మూడో కైఖుస్రో కాలంలో, సిరాజుద్దీన్ అహ్మద్ అనే పాలనాధికారి దీన్ని బాగు చేయించి పెద్దది చేశాడు. ఆ తేదీ దగ్గర నేను కాసేపు ఆగాను. ఓడిపోయి 35 ఏళ్ళయింది, పెత్తనం పరాయివాళ్ళది, అయినా సత్రం మాత్రం బాగు చేసుకున్నారు. గద్దె మీద ఎవరున్నా దారిన సరుకు నడుస్తూనే ఉంది కాబట్టి.

మనవైపు దీనికి ఒక చుట్టం ఉంది. హైదరాబాద్ నుంచి విజయవాడ వచ్చే రోడ్డు మీద హయత్‌నగర్‌లో హయత్ బక్షీ బేగం పేరు మీదున్న మసీదు చుట్టూ సరాయి ఉంది, వందకు పైగా గదులతో, కుతుబ్‌షాహీల కాలంది. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకి పోయే దారి అదే. కుతుబ్‌షాహీ వంశాన్ని మొదలుపెట్టిన సుల్తాన్ కులీ హమదాన్ నుంచి వచ్చిన తుర్క్‌మెన్. కరకోయున్లు వంశంవాడు. ఆ కరకోయున్లులు ఒకప్పుడు తూర్పు అనటోలియాను, అంటే ఇప్పటి టర్కీ తూర్పు భాగాన్ని, ఏలినవాళ్ళే. మధ్యలో చదరపు ఆవరణ, చుట్టూ కమానుల గదులు, లోపలే మసీదు: ఆ పద్ధతి ఇక్కడా కనిపిస్తుంది. మా బండ్లు రోజూ దాని పక్క నుంచే పోతాయి. టర్కీ దాకా వెళ్ళలేనివాళ్ళు ముందు హయత్‌నగర్‌లో బస్సు దిగి చూడండి. రేవుకి పోయే సరుకు దారిలో ఆగిన చోటు మన ఊరి దారిలోనే ఉంది, చూసేవాళ్ళే తక్కువ.

వెళ్ళేవాళ్ళకు కొన్ని పనికొచ్చే మాటలు. లోపలికి టికెట్ ఉంది, ధర మారుతుంటుంది, బయల్దేరే ముందు చూసుకోండి. హాలు కోసం పల్చటి స్వెట్టర్ వేసవిలో కూడా పట్టుకెళ్ళండి. నేల రాతిది, ఎగుడుదిగుడు, కాబట్టి హీల్స్ వద్దు. చక్రాల కుర్చీతో ఆవరణ వరకు పర్వాలేదు గానీ హాల్లో తోడు ఉండాలి. చీకట్లో చెక్కడాలు, గుర్తులు చూడటానికి ఫోన్ టార్చ్ సరిపోతుంది. గైడ్ లేకుండా వెళ్తే ముందే కొంచెం చదువుకుని వెళ్ళండి, లేకపోతే హాలు ఒట్టి చీకటి గదిలా కనబడే ప్రమాదం ఉంది. ఎండ ఏటవాలుగా పడే పూట గుమ్మం మీది గూళ్ళకు నీడలు పడి ఒక్కో వరుసా విడిగా కనబడుతుంది, ఫొటోలకు ఆ వేళ బాగుంటుంది. బస్సులు వచ్చినప్పుడు గుమ్మం దగ్గర జనం, కానీ ఆ జనం హాల్లోకి రారు. వాళ్ళున్నప్పుడు మీరు హాల్లో ఉండండి, వాళ్ళు వెళ్ళాక గుమ్మం చూసుకోండి.

తిండికి శాకాహారులు భయపడక్కర్లేదు. గోజ్లెమె అని పల్చటి రొట్టె మధ్యలో పాలకూరో, చీజో, బంగాళాదుంపో పెట్టి పెనం మీద కాల్చి ఇస్తారు. దాంతో అయ్‌రాన్, ఉప్పు వేసిన మజ్జిగ. నాన్న రెండు గ్లాసులు తాగారు, పచ్చిమిరపకాయ కూడా ఉంటే ఇంకేం కావాలన్నారు.

ఈ ఊరు తివాచీలు బాగు చేయడానికి పేరుపడింది. చిరిగిన, ఎలుకలు కొరికిన, అంచులు ఊడిన పాత తివాచీలు ఎక్కడెక్కడి నుంచో ఇక్కడికి వస్తాయట. ఒక కొట్లో ఒకాయన అరచెయ్యంత చిరుగును పాత రంగుకి సరిపోయే దారం వెతుక్కుని ముడి ముడిగా నింపుతున్నాడు. కొనమని ఒత్తిడి పెట్టలేదు, టీ ఇచ్చి పని చూసుకోమన్నాడు. కొనే ఉద్దేశం లేకపోయినా ఒక కొట్టుకి వెళ్ళి ఆ పని చూడండి. ధర అడిగితే మాత్రం బేరానికి సిద్ధపడే అడగండి.

నా రేటింగ్ ఐదుకి నాలుగున్నర. ఆ అర తగ్గించింది మెట్ల కోసం. పట్టుకోవడానికి ఆసరా ఏదైనా ఉంటే నాన్న వయసువాళ్ళు కూడా ఆ మసీదును పైకెక్కి చూడగలిగేవాళ్ళు.

ఇంకొంచెం టైమ్ ఉన్నవాళ్ళు అక్సరాయ్‌కి తూర్పున, నెవ్‌షెహిర్ రోడ్డు మీద 15 కిలోమీటర్ల దూరంలో ఆజికరహాన్ కూడా చూడండి. అది సుల్తాన్ మొదలుపెట్టింది కాదు, హోజా మసూద్ అనే వర్తకుడు కట్టించాడు. 1231లో హాలు, 1240 ప్రాంతానికి ఆవరణ. సొంత సరుకుతో ఆ దారిన తిరిగినవాడు తన డబ్బు పెట్టి సత్రం కడితే ఏం కడతాడో అక్కడ చూడొచ్చు. అక్కడా ఆవరణ మధ్యలో కమానుల మీద మసీదు ఉంది, జనం చాలా తక్కువ. అవానోస్ దగ్గరి సారిహాన్ 1249 నాటిది, అందులో ఇప్పుడు సాయంత్రాలు సెమా, అంటే దర్వేషులనే సూఫీ సాధువులు గిరగిరా తిరుగుతూ చేసే ప్రార్థన, జరుగుతుంది, దానికి వేరే టికెట్. కైకుబాదే 1230లలో కట్టించిన రెండో సుల్తాన్‌హాన్ కైసెరి నుంచి సివాస్ పోయే దారిలో ఉంది. పేరు ఒకటే కాబట్టి మ్యాప్‌లో పెట్టేటప్పుడు అక్సరాయ్ అని కూడా రాయండి, లేకపోతే డ్రైవర్ మిమ్మల్ని దానికి తీసుకెళ్ళిపోతాడు. అక్సరాయ్‌లో ఒక రాత్రి బస పెట్టుకుంటే పొద్దున ఆజికరహాన్, మధ్యాహ్నం సుల్తాన్‌హాన్ చూసుకుని చీకటి పడేలోగా కోన్యా చేరిపోవచ్చు.